తిరగేతయ్యా, ఎర్ర అతుకూ

ఆ వీధిలో ఎవరింటికైనా ఆయన వస్తున్నాడంటే ముందుగా బల్లమీది పళ్ళేలు లోపల పెట్టేసేవారు. ఆయన చెడ్డవాడేం కాదు. చేతికందిన ప్రతి వస్తువునూ తిరగేసి చూడనిదే ఆయన మనసు నిలవదు, అంతే. కుర్చీ అడుగున ఏ మేకు కొట్టారు, చెప్పు ఏ వైపు అరిగింది, ఆకు వెనక ఈనెలు ఎలా పాకాయి, అన్నీ కావాలి. ఒకసారి పక్కింటివాళ్ళు పసివాణ్ణి ఎత్తుకోమని ఇస్తే, బోర్లా తిప్పి వీపు చూసి, "పనితనం బాగుంది" అన్నాడట. ఆ దెబ్బతో అమ్మానాన్నలు పెట్టిన పేరు మరుగునపడి, తిరగేతయ్య అన్న పేరు స్థిరపడిపోయింది. ఆయనకేమీ బాధ లేదు. "పేరుదేముంది, అది పైభాగమేగా" అనేవాడు.

తిరగేతయ్య వృత్తి పాత తివాచీలు బాగుచేయడం. చేత్తో నేసినవాటిని మాత్రమే ముట్టుకుంటాడు. భార్య వాటిని ఉతుకుతుంది. నేను ఆ ఊళ్ళో దిగింది రైలు మారడానికి. రావలసిన రైలు రాలేదు, తలదాచుకోవడానికి వాళ్ళ మేడమీది గది దొరికింది. ఆ తరవాత చాలా రైళ్ళు వచ్చాయి, పోయాయి. నేను మాత్రం చలి మొదలైనప్పుడు దిగినవాణ్ణి, ఎండలు ముదిరేదాకా అక్కడే ఉండిపోయాను. కొన్ని ఇళ్ళు అంతే, మనిషిని చాపలా చుట్టి ఓ మూల నిలబెట్టేస్తాయి.

కింద పెద్ద హాలు. మూడు గోడల పొడవునా చెక్క అరల్లో చుట్టిన తివాచీలు. నాలుగో గోడకు ఉత్తరం వైపు కిటికీ. ఎండ సూటిగా పడని కిటికీ కావాలట ఈ పనికి. ఎండ రంగుల్ని పొగుడుతుంది, దీపం చాడీలు చెబుతుంది, ఉత్తరపు వెలుతురొక్కటే ఉన్నదున్నట్టు చెబుతుందని ఆయన మాట. కిటికీ పక్కన వరసగా కొక్కేలు, వాటికి ఉన్ని చిలపలు, అంటే రంగు అద్దిన పోగుల కట్టలు. ఒక్క ఎరుపులోనే ఎన్ని ఎరుపులు! దానిమ్మ గింజ, ఇటుక పొడి, ఆరిన నెత్తురు, సాయంకాలం మబ్బు అంచు. గదంతా వానలో తడిసిన గొర్రెల మంద వాసన. మధ్యాహ్నాలు నేను ఆ అరల మధ్య చేరగిలబడి ఏదో పుస్తకం తెరిచేవాణ్ణి. రెండు పేజీలు దాటేలోగా కళ్ళు బరువెక్కేవి. ఎప్పుడో ఏ కొండవాలులోనో ఎవరో ఆడవాళ్ళు వరసగా కూర్చుని వేళ్ళతో వేసిన లక్షల ముళ్ళు నా చుట్టూ నిద్రపోతుంటే, నేనొక్కణ్ణి మేలుకుని సాధించేదేముంది?

పుస్తకాలంటే గుర్తొచ్చింది. పాత పుస్తకం దొరికితే నేను మొదట కథ చదవను, కుట్టు చూస్తాను. ఎక్కడెక్కడి పుస్తకాల అంగళ్ళలోనో తిరిగిన అలవాటు. ఆ సంగతి ఒకసారి నోరు జారితే తిరగేతయ్య నన్ను చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు చూశాడు. ఆ రోజునుంచి నాకు పాఠాలు మొదలు.

"ముందు వెనక చూడు తమ్ముడూ. చేత్తో నేసిన తివాచీకి వెనకవైపు కూడా ముందంత స్పష్టంగా పువ్వు కనిపిస్తుంది. ముడి ముడికీ లెక్క తెలుస్తుంది. ఒక ముడి లావు, ఒకటి సన్నం. మనిషి చెయ్యి కదా, ఒక పూట ఉత్సాహం, ఒక పూట తలనొప్పి. యంత్రానికి తలనొప్పి రాదు."

"మరి ఈ చివర కుచ్చులు?"

"అవి కుచ్చులు కావు, పడుగు పోగుల కొసలు. తివాచీ ఎముకలన్నమాట. ఒళ్ళంతా పాకి వచ్చి చివర్న బయటికి తొంగిచూస్తాయి. కుచ్చు తెచ్చి అంచుకి కుట్టారంటే అది జుట్టు కాదు, సవరం."

ఒకాయన కొత్త తివాచీ ఒకటి భుజాన వేసుకొచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. తిరగేతయ్య మడిచి, పీచు విడదీసి, మొదట్లో చూశాడు. ముడి లేదు, పోగులన్నీ జిగురులో నిలబడి ఉన్నాయి. పైన పటారం లోన లొటారం. ఆ మాట మాత్రం ఆయన అనలేదు. "ఇది యంత్రం మీద నేసిందండీ. కాళ్ళకు వెచ్చగా ఉంటుంది, పిల్లలు దొర్లినా భయం లేదు. హాయిగా వాడుకోండి. నా దగ్గరికి మాత్రం తేనక్కర్లేదు" అన్నాడు. ఆయన వెళ్ళాక భార్య నవ్వింది. "మొహం మీద తలుపేశారు, అదీ మెత్తగా!"

ఆవిడ గురించి చెప్పాలి. మనిషి సన్నం, గొంతు లావు. పెరట్లో వాలుగా వేసిన సిమెంటు గచ్చు, ఒక బోరింగు, కాలవలోకి పోయే తూము, ఇవి ఆవిడ రాజ్యం. ఆ గచ్చు మీద ఆయన మాట చెల్లదు. వేడినీళ్ళు నిషేధం. బ్రష్షు పీచు వాలిన వైపే నడవాలి, ఎదురు నడిస్తే గొడవే. తడి తివాచీని తీగమీద వేలాడదీయకూడదు, దాని బరువుకి అదే సాగిపోతుంది. నీడలో పరిచి, కింద గాలి ఆడేలా కర్రలు పెట్టాలి. దాచేటప్పుడు మడత పెట్టకూడదు, చుట్టాలి. నెలలతరబడి చీకట్లో వదిలేస్తే ఉన్ని తినే పురుగుకి విందు చేసినట్టే. ఇవన్నీ ఆవిడకు అత్తగారు నేర్పింది. ఆ అత్తగారే తిరగేతయ్యకు సూది పట్టడమూ నేర్పింది. అంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే బళ్ళో చదివిన పిల్లలు, ఒకే బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు.

"మా అత్తగారు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు అన్నయ్యగారూ" అంది ఓసారి నాతో.

"అంత మంచిదా!"

"ఒక్క మాటతో ఎప్పుడూ ఆగలేదు."

ఆవిడ నియమాల్లోకల్లా పెద్దది రంగు పరీక్ష. నీళ్ళు తగలకముందు తెల్లగుడ్డ తడిపి ఒక్కో రంగు మీదా గట్టిగా అదిమి పట్టుకోవాలి. గుడ్డకు రంగు అంటిందా, ఆ తివాచీ గచ్చు ఎక్కదు. అతుకులుంటే ఒక్కో అతుకునూ విడివిడిగా పరీక్షించాలి. పాత తివాచీ వేర్లతో, బెరళ్ళతో అద్దిన ఉన్ని కావచ్చు. మధ్యలో ఎవడో చిరుగు బాగుచేస్తూ నీళ్ళకు కారే బజారు పొట్లం రంగు వాడి ఉండొచ్చు. ఏది అతుకో చెప్పవలసింది తిరగేతయ్య. అందులో ఆయన్ని మించినవాడు లేడని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. అరచేయి ఆనించి, "ఇక్కడొకరు, ఇక్కడ ఇంకొకరు, వీడెవడో తొందరలో ఉన్నాడు" అంటూ, తివాచీలో దూరిన పరాయి చేతుల్ని వేలెత్తి చూపించేవాడు.

అయితే ఆ చలికాలంలో నేనొకటి గమనించాను. పొద్దున్నే ఆవిడ కిటికీ దగ్గర చిలపలు సర్దేది. ఆ రోజు ఆయనకు ఏ రంగు కావాలో ఆ చిలప అన్నిటికంటే బయటికి, చేతికి తగిలేలా ఉండేది. ఆయన వచ్చి చెయ్యి చాచి, అదే అందుకుని, కిటికీకి ఎత్తి చూసి, "ఇదే" అనేవాడు. ఎత్తి చూసే సేపు రోజురోజుకీ పెరుగుతోంది. కళ్ళు ఒకసారి చూపించుకోమని ఆవిడ అంటూనే ఉంది. "కళ్ళజోడు పెట్టుకుంటే గాజు రంగు కూడా కలుస్తుందే. నా కన్ను నా పని ఎరుగును" అని కొట్టిపారేసేవాడు. ఆవిడ ఊరుకునేది. మర్నాడు మళ్ళీ చిలపలు సర్దేది.

ఇలా ఉండగా నర్సమ్మ తివాచీ వచ్చింది.

నర్సమ్మ అంటే ఆ పేటలో సగంమందికి పురుడు పోసిన మనిషి. రిక్షా దిగి, దిగుతూనే కేకేసింది. "వదినా! మీ ఆయన్ని బయటికి పంపు. తిరగేయడానికి పెద్ద సరుకు తెచ్చా!"

"నిన్నేనా?" అన్నాడు తిరగేతయ్య గుమ్మంలోంచి.

"నన్ను తిరగేసే మొనగాడు పుట్టలేదన్నయ్యా, పుడితే నా చేతుల్లోనే పుట్టేవాడు. నాకు తెలిసేది."

తివాచీ పెద్దదే. ఎవరో కలవారి ఇంట్లో కష్టమైన కాన్పు గట్టెక్కించినందుకు నర్సమ్మ తల్లికి ఇచ్చారట. ఆవిడా ఇదే పని చేసేది. అంత మంచిదాని మీద నడవడమేమిటని తల్లి దాన్ని చుట్టి మంచం కింద పెట్టింది. అక్కడే ఏళ్ళకేళ్ళు ఉండిపోయింది. పురుగు పట్టకపోవడం అదృష్టం. ఇప్పుడు నర్సమ్మ ఉద్యోగం వదిలేస్తోంది. "జీవితమంతా నిలబడే ఉన్నా. ఇక కూర్చుంటా. కూర్చుంటే దీని మీదే కూర్చుంటా. శుభ్రం చేసిపెట్టండి" అంది.

హాల్లో పరిచారు. పరుస్తుంటే గదిలోకి ఇంకో గది వచ్చి కూర్చున్నట్టనిపించింది. నడుమ పాలమీగడ తెలుపు, మంచు పడిన మైదానంలా ఖాళీగా. చుట్టూ ఎర్రటి తీగలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. ఒకచోట ఎరుపు పట్టీలా కాస్త పలచబడింది. అది లోపం కాదట. పాత కాగు అయిపోయి కొత్త కాగు రంగు మొదలైన చోటు. ఆ రెండు కాగుల మధ్య వాన పడి ఉండొచ్చు, బావి మారి ఉండొచ్చు, రంగు వేర్లు తవ్వి తెచ్చే మనిషే మారి ఉండొచ్చు. ఆ పట్టీనే చూస్తూ కూర్చున్నాను నేను. ఏ వాన అది? ఎవరి బావి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు దొరకదని తెలిసే, అవి అడుక్కుంటూ దేశాలు పట్టుకు తిరిగాను.

తిరగేతయ్య తివాచీని బోర్లా వేయించి, మోకాళ్ళ మీద కూర్చుని, వెనకంతా అరచేత్తో తడిమాడు. ఈ మూలనుంచి ఆ మూలకి. చాలాసేపు పట్టింది.

"అతుకులున్నాయా?" అంది భార్య.

"లేవు. పుట్టింది పుట్టినట్టే ఉంది. ఒక్క పరాయి చెయ్యి పడలేదు దీని మీద."

"ఇంకోసారి చూడకూడదూ?"

"చెప్పానుగా!"

ఆవిడ తెల్లగుడ్డ తడిపి ఎరుపు మీద అదిమింది. గుడ్డ తెల్లగానే ఉంది. నలుపు మీద, నీలం మీద అదిమింది. తెలుపే. ఒక రంగుకు ఒక పరీక్ష, అతుకు లేనప్పుడు అంతే నియమం. తివాచీ గచ్చు ఎక్కింది.

బోరింగు కొడుతున్నది నేనే. నీళ్ళు తివాచీ మీదుగా పలచగా జారుతుంటే, అడుగున తీగలు కదులుతున్నట్టుండేది. ఏటి అడుగున నాచు చూస్తున్నట్టు నేను మైమరచి చూస్తున్నాను. అంచుకు దగ్గర్లో ఒకచోట ఎరుపు మెల్లగా కళ్ళు తెరిచింది. ముందు సన్నటి పొగలా. తరవాత తెల్లటి మైదానంలోకి ఒక సూర్యోదయంలా. ఎంత అందంగా ఉందంటే, అది ఆపద అని నాకు తట్టలేదు.

"రంగు పోతోంది!" అని ఆవిడ అరిచిన అరుపుకి గోడమీది పావురాలు లేచిపోయాయి. "నీళ్ళు ఆపకండి అన్నయ్యగారూ, కొట్టండి, కొడుతూనే ఉండండి! ఏవండీ, ఆ నిమ్మఉప్పు డబ్బా! ఆరకూడదు, ఆరిందా ఇక చచ్చినా పోదు!"

తడిగా ఉన్నంతసేపూ అది ఇంకా మచ్చ కాదు, దారితప్పిన రంగు మాత్రమే. వెనక్కి పిలిస్తే రావచ్చు. ఆరిన మరుక్షణం అక్కడే ఇల్లు కట్టుకుంటుంది. ఆ మధ్యాహ్నమంతా నేను బోరింగు కొట్టాను, ఆవిడ చన్నీళ్ళలో నిమ్మఉప్పు కలిపి పోస్తూ, చెక్కబద్దతో తూముకేసి తోస్తూ ఉంది. తిరగేతయ్య డబ్బా తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడిపోయాడు. ఎరుపు వస్తున్న చోటు నలుచదరంగా ఉంది. గీత గీసినట్టు నాలుగు పక్కలా స్పష్టం. అది అతుకు. అరచేయి ఆనించి లేదన్నచోట, అరచేతికంటే పెద్ద అతుకు.

"ఏ దరిద్రుడు వేశాడో ఇది!" అన్నాడు చివరికి. "బజారు పొట్లం ఎరుపు! వీడి చెయ్యి విరగ! వీడి సూది తుప్పుపట్ట! వీణ్ణి కన్నతల్లి ఎవరో గానీ..."

"నీళ్ళు తోడండి ముందు, తిట్లు తరవాత."

పొద్దు వాలేసరికి తూములో నీళ్ళు తేటపడ్డాయి. తెలుపు తెలుపయింది, ఒక్కచోట, అతుకు పక్కనే, లేతగులాబి నీడ మిగిలింది. తివాచీని నీడలో కర్రల మీద పరిచారు. తిరగేతయ్య హాల్లోకి వెళ్ళాడు. సూదుల పెట్టె మూసి, పై అరలో, అందనంత ఎత్తులో పెట్టాడు.

"నా కన్ను పోయింది" అన్నాడు. "అంత అతుకు నాకు కనపడలేదంటే ఇక నేను ఈ పనికి పనికిరాను. మిగిలిన సరుకంతా ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చెయ్."

అంతే. ఆ తరవాత ఆయన కిటికీ దగ్గరికి పోలేదు. పెరట్లో మోడా వేసుకుని కాలవవైపు చూస్తూ కూర్చునేవాడు. పళ్ళెం పెడితే పళ్ళెం తిరగెయ్యడు, పెట్టింది తినేసి లేచిపోతాడు. ఆవిడ అది చూసి బెంగపడింది. "తిరగెయ్యడం మానేశారన్నయ్యగారూ, మనిషి మనిషిలా లేరు" అంది నాతో, వంటింటి గుమ్మానికి ఆనుకుని. వాళ్ళిద్దరూ చేసే పని ఒక్కటే; ఆయన చేతులు ముడుచుకుంటే ఆవిడ గచ్చు కూడా ఎండిపోతుంది. అదీకాక, పని లేని తిరగేతయ్య ఎలా ఉంటాడో ఆవిడకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

ఆయనకు అప్పుడప్పుడు నోరు లేచేది, అదీ ఆ తెలియని పనివాడి మీద. "ఎక్కడున్నాడో! వాడి వేళ్ళకు పక్షవాతం రా!" అనేవాడు కాలవకేసి. కాలవ బదులు చెప్పేది కాదు.

తివాచీ పూర్తిగా ఆరాక అతుకు ముఖం బయటపడింది. రంగంతా వదిలేసుకుని, పాలిపోయిన నారింజ తొక్కలా, చుట్టూ ఉన్న ఎరుపుల మధ్య బిత్తరపోయి చూస్తోంది. అది తీసెయ్యక తప్పదు. ఆయన లేవలేదు కాబట్టి ఆవిడే కూర్చుంది. తివాచీని బోర్లించి, కొక్కెపు సూదితో ఒక్కో ముడీ లాగడం మొదలెట్టింది. నేను ఊడిన ఉన్నిపోగులు ఏరి ఒక గిన్నెలో వేస్తున్నాను. వెలుతురు మెత్తగా ఉంది. ఆవిడ చెయ్యి కదులుతుంటే దూరంగా ఎవరో తలుపు తడుతున్నట్టు చిన్నచిన్న టప్ శబ్దాలు. నాకు మళ్ళీ కునుకు పట్టబోయింది.

చెయ్యి ఆగింది.

"ఇదేమిటి?" అంది ఆవిడ. వంగింది. ఇంకా వంగింది. పడుగు పోగొకటి వేలితో మీటింది.

లోపలి పడుగు తెగినచోట లోకంలో అందరూ కొత్త పోగు తెచ్చి ముడివేస్తారు. ఆ ఇంట్లో మాత్రం వెయ్యరు. కొత్త పోగును పాత పోగు పక్కనే జానెడు దూరం నడిపించి, నేతలోనే వదిలేస్తారు. "ముడి అంటే పీక పట్టుకోవడం. తోడు నడిపించండి, అదే కలుస్తుంది" అనేదట అత్తగారు. ఆ పద్ధతి ఇంకెక్కడా లేదు, ఆవిడ ఇంకెవరికీ నేర్పలేదు. ఈ అతుకు కింద పోగులన్నీ జానెడేసి దూరం పాతవాటి పక్కన బుద్ధిగా నడుస్తున్నాయి.

"మీ అత్తగారి పనా?" అన్నాను.

"కాదు." ఒక పోగు కొస విప్పి వేళ్ళమధ్య తిప్పింది. పోగు బలంగా ఉండడానికి రెండు పేటలు తొడమీద వేసి అరచేత్తో పురి పెడతారు. కుడిచేత్తో పెడితే పురి ఒకవైపు తిరుగుతుంది. ఇది రెండోవైపు తిరిగింది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే.

ఆవిడ నవ్వడం మొదలెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తరవాత మనిషంతా. కళ్ళు తుడుచుకుని, పెరటి తలుపు దాకా వెళ్ళి, గుమ్మం పట్టుకుని మళ్ళీ నవ్వింది.

"ఏవండీ! ఆ చెయ్యి విరగ్గొట్టాల్సిన దరిద్రుడు దొరికాడు!"

"ఎవడు?" అంటూ ఆయన లేచాడు.

"అతణ్ణి కన్నతల్లి నాకు బాగా తెలుసు. ఒక్క మాటతో ఆగేది కాదు."

ఆయనకు అర్థం కాలేదు. లోపలికి వచ్చి, కూలబడి, ఆ పోగులు తడిమాడు. పురి తడిమాడు. ఎడమచేతిలోకి తీసుకుని కాస్త తిప్పాడు. వేళ్ళకు ముందు తెలిసింది, తరవాత ముఖానికి.

తరవాత మెల్లగా, నిద్రలోంచి మాట్లాడినట్టు చెప్పాడు. మీసాలు వస్తున్న వయసు. తల్లి జ్వరంతో పడుకుంది. ఒక వర్తకుడు తెల్ల తివాచీ తెచ్చాడు, నిప్పు పడి పెద్ద చిల్లి. ఊరు వదిలి వెళ్ళేలోగా కావాలన్నాడు. అప్పుడే బజార్లోకి పొట్లం రంగులు వచ్చాయి. ఆ ఎరుపు చూస్తే ఆయనకు వెర్రి. తల్లి వాటిని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమె పడుకుని ఉంది కదా అని ఆ రంగే అద్ది, ఒక్కడే కూర్చుని అతుకు వేశాడు. తల్లి లేచి, వెనక్కి తిప్పి, అరచేత్తో అంతా తడిమి, "ఇందులో నీ పనెక్కడరా?" అంది. కనపడలేదు ఆమెకు. ఆమె జీవితంలో కొడుకు పనిని మెచ్చుకున్న మాట అదొక్కటే. పైగా అది మెచ్చుకోలని ఆమెకు తెలియదు. ఆ మాట ఆయనకు గుర్తుండిపోయింది. తివాచీని మాత్రం మరిచిపోయాడు.

"అమ్మకే కనపడనిది నాకేం కనపడుతుంది!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "చూశావా తమ్ముడూ, ఎంత పని చేశానో! నన్ను నేనే పట్టుకోలేకపోయా! ఒసేయ్, ఆ పెట్టె దించు. నా కన్నుకేం కాలేదు!"

"మీ చేతికి పక్షవాతం రావాలన్నారుగా?"

"తథాస్తు దేవతలకి ఎడమచెవి వినపడదులే. దించు."

ఆవిడ పెట్టె దించింది. కానీ చేతికివ్వలేదు. నవ్వు ఆగిపోయింది ఆవిడ ముఖంలో. కొక్కేల దగ్గరికి వెళ్ళి, రెండు ఎర్ర చిలపలు తీసుకుని, వెనక్కి తిరిగి చేతులు మార్చుకుని, ఆయన ముందు పట్టుకుంది.

"వీటిలో మన తివాచీది ఏది?"

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ ఎంత కాలంగా ఈ క్షణాన్ని వాయిదా వేస్తోందో. ఈ రోజు ఊరుకుంటే ఆయన ఇంకో పదేళ్ళు కులాసాగా ఉంటాడు. ఊరుకుంటే ఇంకో తివాచీ తెల్లటి మైదానంలో సూర్యుడు ఉదయిస్తాడు.

ఆయన రెంటినీ కిటికీకి ఎత్తాడు. దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు. కుడిచేతిలోది చాచాడు. "ఇదే."

ఆవిడ అందుకోలేదు. బయట కాలవలో ఎవరిదో పడవ వెళుతున్న చప్పుడు.

"కాదా?"

"అది ఇటుక పొడి. రెండోది."

ఆయన మళ్ళీ చూశాడు రెంటినీ. ఆయనకు రెండూ ఒక్కటే.

"మరి ఇన్నాళ్ళూ నేను సరైనదే తీస్తున్నాగా?"

ఆవిడ కొక్కేలకేసి చూసింది, నాకేసి చూసింది, కిందికి చూసింది. "ఉన్ని సర్దడం నాకేం కొత్తా, ఏవండీ..."

ఎంత కాలంనుంచని ఆయన అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పేది కూడా కాదు. తివాచీ మీద కూర్చుని, అతుకు తీసిన చిల్లి చుట్టూ బొటనవేలు తిప్పుతూ ఉండిపోయాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆవిడా అనుకుంది కాబోలు, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన పడుగు పోగొకటి మీటాడు. ఇంకోటి మీటాడు. వీణ శ్రుతి చూసుకునేవాడిలా తల వంచి విన్నాడు.

"పోగులు తెలుస్తున్నాయి" అన్నాడు. "రంగే తెలియడం లేదు."

"పోగులు తెలిస్తే చాలదూ?"

"ఎరుపు ఎవరు చూస్తారు?"

"ఇంట్లో ఇంకో మనిషి ఉంది. మీరు గమనించారో లేదో."

నర్సమ్మ రావడమూ అప్పుడే. తివాచీ సంగతి దాచకుండా చెప్పారు, చిల్లితో సహా, పక్కన మిగిలిన లేతగులాబి నీడతో సహా. ఆవిడ చెప్పులు విడిచి, తెల్లటి నడుమ మీదికి ఎక్కి, నీడ దగ్గర గొంతుక్కూర్చుని చూసింది. "ఈ రంగు నాకు తెలుసు. బొడ్డుకోసిన పసిగుడ్డు అరికాలు ఇలాగే ఉంటుంది. దీన్ని ముట్టుకోకండి. మిగతాది కానియ్యండి, నాకు తొందరేం లేదు. ఇన్నాళ్ళు నిలబడ్డా, ఇంకొన్నాళ్ళు నిలబడతా" అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది. "వదినా, ఈ అన్నయ్య ఇలా మూతి ముడుచుకుని కూర్చుంటే బాగోలేదు. కాన్పు గదిలో మొగుళ్ళు ఇలాగే ఉంటారు. ఏదో ఒక పని చెప్పాలి వాళ్ళకి."

మర్నాడు మళ్ళీ కిటికీ దగ్గర ఇద్దరూ కూర్చున్నారు, నేను చూసినంతలో మొదటిసారి పక్కపక్కన. ఆయన రెండు పేటలు తొడమీద వేసి ఎడమచేత్తో పురిపెట్టి, కొత్త పోగుల్ని పాతవాటి పక్కన నడిపించాడు. తరవాత ముళ్ళు. తీగ ఎక్కడ వంగుతుందో, పువ్వు ఎక్కడ విచ్చుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. ఏ ఎరుపు ఎక్కడిదో ఆవిడకు తెలుసు. ఆవిడ పోగు చేతికిస్తే ఆయన వేస్తాడు. మొదట్లో ప్రతి పోగునూ కిటికీకి ఎత్తబోయి, సగంలో ఆపుకునేవాడు. చెయ్యి గాలిలో కాసేపు తచ్చాడేది. కొంతసేపటికి ఆ ఎత్తడమూ పోయింది. కళ్ళు మూసుకున్నాడు. చూడని కళ్ళు తెరిచి ఉంచి లాభమేమిటి అనుకున్నాడో, హాయిగా ఉండి మూసుకున్నాడో, నేను అడగలేదు. గదిలో ఉన్ని వాసన, ఉత్తరపు వెలుతురు, ముడి బిగిసినప్పుడల్లా చిన్న చప్పుడు.

"ఇప్పుడేది?" అన్నాడు.

"ముదురుది."

"ఎంత ముదురు?"

"నేనిచ్చినంత."

చెయ్యి చాచాడు. ఆవిడ పోగు పెట్టింది. ముడి వేశాడు.